వివృతమా, సంవృతమా? తెలుగు పరిష్కృత ప్రతుల కూర్పులో ముద్రణభాగం

ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించి ప్రకటించే పండితులు పీఠికలో ఆధార ప్రతుల వివరాలు ఇస్తారు. ఏ తాళపత్రం ఏ భాండాగారానికి చెందినది, దాని స్థితి ఏమిటి, లేఖకుడు ర-ఱలను ఎట్లా వాడాడు, అరసున్నను పాటించాడా లేదా అన్న విషయాలు అందులో ఉంటాయి. అంత శ్రమతో నిర్ణయించిన పాఠాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో కూర్చారు, అది అచ్చుకు ఏ రూపంలో వెళ్లింది అన్నది మాత్రం పీఠికలలో అరుదుగా కనిపిస్తుంది. అది డీటీపీ చేసేవారి పని అనీ, పాండిత్యానికి దానితో నిమిత్తం లేదనీ మనలో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ అభిప్రాయం నిలవదు. కూర్పు సాఫ్ట్‌వేర్ ఎంపిక, అందులోనూ దాని ముద్రణభాగం వివృతమా సంవృతమా అన్న ఎంపిక, పాఠపరిష్కరణలో అంతర్భాగమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వివృతం, సంవృతం అన్న మాటలు మనకు ధ్వనిశాస్త్రం నుంచి పరిచితాలు. ఇక్కడ వాటిని వేరే అర్థంలో గ్రహించాలి. ఒక సాఫ్ట్‌వేర్ పనితీరు, అది రాసే దస్త్రం నిర్మాణం బహిరంగంగా ప్రకటితమై, ఎవరైనా చదివి, సరిచూసి, అవసరమైతే మార్చుకోగలిగితే అది వివృతం. ఆ నిర్మాణం యజమాని సంస్థకు మాత్రమే తెలిసి ఉంటే అది సంవృతం. ఇది వెలకు సంబంధించిన భేదం కాదు. ఉచితంగా దొరికేవన్నీ వివృతాలు కావు.

కూర్పుభాగం, ముద్రణభాగం

ప్రతి కూర్పు సాఫ్ట్‌వేర్‌లోనూ రెండు అంగాలు ఉంటాయి. మొదటిది పంక్తులను విరిచి, పుటలను అమర్చి, అధస్సూచికలకు చోటు చూపే భాగం. దీన్ని కూర్పుభాగం అందాం. రెండవది ఆ అమరికను యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలుగా, నేటి వ్యవహారంలో పీడీఎఫ్‌గా, మార్చే భాగం. వృత్తిలో ఉన్నవారు దీన్ని బ్యాకెండ్ అంటారు. ఇక్కడ ముద్రణభాగం అని వ్యవహరిస్తాను. సాఫ్ట్‌వేర్ మంచి చెడ్డలను గురించిన మన చర్చలన్నీ కంటికి కనిపించే మొదటి అంగం చుట్టూనే తిరుగుతాయి. పాఠం నిలుస్తుందా చెదురుతుందా అన్నది ఎక్కువగా తేలేది రెండవ దానిలో.

ఈ విభజనను అతి స్పష్టంగా పాటించిన వ్యవస్థ టెక్. డోనాల్డ్ నూత్ తన గ్రంథ రెండవ సంపుటం ద్వితీయ ముద్రణ ప్రూఫులను 1977లో చూసి, వాటి నాణ్యత నచ్చక, ఈ వ్యవస్థ నిర్మాణానికి పూనుకొన్నారు. టెక్ స్వయంగా ఏ ముద్రణ యంత్రంతోనూ మాట్లాడదు. ఏ అక్షరం పుట మీద ఎక్కడ నిలవాలో చెప్పే ఒక మధ్యస్థ దస్త్రాన్ని మాత్రమే రాస్తుంది. ఆ దస్త్రం నిర్మాణం ప్రకటితం. కనుక దాన్ని ఏ యంత్రానికైనా అనువదించే కార్యక్రమాన్ని ఎవరైనా రాసుకోవచ్చు. ముద్రణ యంత్రాలు ఎన్ని తరాలు మారినా టెక్ నిలవడానికి ఈ ఏర్పాటు ఒక ప్రధాన కారణం.

అయితే కూర్పుభాగం వివృతమైనంత మాత్రాన ముద్రణభాగం వివృతం కానక్కరలేదు. తెలుగు కూర్పునకు నేడు బాగా పనికివచ్చే జీటెక్ చరిత్రలోనే దీనికి నిదర్శనం ఉంది. జొనథన్ క్యూ 2004లో దీన్ని విడుదల చేసినప్పుడు అది మ్యాక్ కంప్యూటర్ల మీద మాత్రమే నడిచేది. అక్షరాలను కలిపే పనినీ, పీడీఎఫ్ రాసే పనినీ ఆపిల్ సంస్థ సొంత యంత్రాంగాలకు అప్పగించేది. కూర్పు మూలం అందరి ముందూ తెరిచి ఉన్నా, తుది మెట్టు ఒక సంస్థ గదిలో మూసి ఉండేది. 2006లో లినక్స్‌కు విస్తరించినప్పుడు దానికి వివృత ముద్రణభాగం ఏర్పడింది. 2013లో పాత మ్యాక్ ముద్రణభాగాన్ని పూర్తిగా విడిచిపెట్టి, అక్షర సంయోజనానికి హార్ఫ్‌బజ్ అనే వివృత యంత్రాంగాన్ని స్వీకరించారు. నేడు లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వంటివి కూడా ఆశ్రయించేది ఈ హార్ఫ్‌బజ్‌నే. తెలుగు ఒత్తు ఒకచోట తప్పుగా పడితే, ఆ తప్పును చూపించి, సవరణ ప్రతిపాదించే అవకాశం ఇప్పుడు తెలుగు తెలిసిన వ్యక్తికి ఉంది. సంవృత వ్యవస్థలో మనం చేయగలిగింది వినతిపత్రం రాయడం.

ఒక పరదేశ ఉదంతం

ముద్రణభాగం మూసుకొని ఉంటే పండితుడికి కలిగే ఇబ్బంది ఎటువంటిదో చెప్పడానికి అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జరిగిన సంగతి ఒకటి ఉపకరిస్తుంది. అక్కడ 1970ల ఆరంభంలో జో ఒసానా రచించిన ట్రాఫ్ అనే కూర్పు సాఫ్ట్‌వేర్ ఒకే ఒక ఫోటో కూర్పు యంత్రానికి కట్టుబడి ఉండేది. ఒసానా 1977లో మరణించారు. తరవాత బ్రయన్ కెర్నిహన్ దాన్ని ఏ యంత్రానికైనా పనికివచ్చేట్లు తిరగరాశారు. 1979లో ఆ ప్రయోగశాల మెర్గెన్‌థాలర్ సంస్థ తయారుచేసిన లైనోట్రాన్ 202 అనే కొత్త యంత్రాన్ని కొన్నది. యంత్రం తమదే, కానీ దానిలోని అక్షరాల సంకేత నిర్మాణం సంస్థ రహస్యం. తమకు కావలసిన ప్రత్యేక చిహ్నాలు, ఉదాహరణకు చదరంగం పావుల బొమ్మలు, అందులో చేర్చుకొనే మార్గం లేదు. జో కాండన్, కెర్నిహన్, కెన్ థాంప్సన్ కలిసి కొన్ని వారాలు శ్రమించి ఆ రహస్య నిర్మాణాన్ని ఛేదించారు. ఆ శ్రమను వివరిస్తూ 1980లో వారు రాసిన నివేదిక, సంస్థ రహస్యాలు బయటపడతాయన్న సంకోచం వల్ల, చాలా కాలం ప్రచురణకు నోచుకోలేదు.

చదరంగం పావుల స్థానంలో ౘ, ౙ, అరసున్న, వలపలగిలక, నకారపొల్లు పెట్టి చూస్తే ఈ కథ మనదే అవుతుంది. దంత్య చ-జలకు, అవగ్రహానికి యూనికోడ్‌లో స్థానం 2008లో లభించింది. శాసన తెలుగులోని ౚ 2015లోనూ, నకారపొల్లు 2021లోనూ చేరాయి. స్థానం లభించగానే అక్షరం అచ్చులోకి రాదు. ఫాంటులో ఆ ఆకృతి ఉండాలి. సంయోజన యంత్రాంగం దాన్ని ఎరగాలి. ముద్రణభాగం దాన్ని చెడగొట్టకుండా పీడీఎఫ్‌లోకి చేర్చాలి. వివృత అనుమతిపత్రంతో వెలువడిన ఫాంటులో లేని ఆకృతిని ఎవరైనా గీసి చేర్చవచ్చు. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన మండలి, సురన్న, గురజాడ మొదలైన తెలుగు ఫాంట్లు ఇటువంటి అనుమతితోనే లభిస్తున్నాయి. సంవృత ఫాంటులో అటువంటి మార్పు చేయడం చాలా సందర్భాలలో ఒప్పంద ఉల్లంఘన.

‘స్త్రీ’ శబ్దం ఎక్కడ విరుగుతుంది?

ఈ చర్చకు గుండెకాయ వంటి విషయం ఇది. కొంత వివరంగా చూడవలసి ఉంది.

‘స్త్రీ’ అని మనం టైపు చేసినప్పుడు కంప్యూటర్ స్మృతిలో నిలిచే క్రమం ఇది: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, చివర ఈకార గుణింతం. ఇది ఉచ్చారణ క్రమం. తెలుగు లిపిలో గుణింతం చేరేది చివరి హల్లుకు కాదు, తల మీద చోటున్న మొదటి హల్లుకు. కనుక పుట మీద మొదట ‘సీ’ అనే ఆకృతి, ఆ తరవాత తవత్తు, రవత్తు వస్తాయి. ఇది దర్శన క్రమం. సంయోజన యంత్రాంగం మొదటి క్రమాన్ని రెండవ క్రమంలోకి మార్చి, అక్షరాలను ఆకృతుల సంఖ్యలుగా ముద్రణభాగానికి అందిస్తుంది. పీడీఎఫ్‌లో నిలిచేవి ఆ ఆకృతులే. ఏ ఆకృతి ఏ అక్షరానికి ప్రతినిధి అని చెప్పే ఒక పట్టికను కూడా ముద్రణభాగం దానితోపాటు చేరుస్తుంది. ఆ పట్టిక ఆకృతిని గుర్తిస్తుంది గాని క్రమాన్ని తిరిగి సరిచేయదు. ఫలితంగా చాలా పీడీఎఫ్‌ల నుంచి నకలు తీసినప్పుడు ‘స్త్రీ’ కాస్తా ‘సీ్త్ర’ అవుతుంది. ‘ప్రేమ’ అంటే ‘పే్రమ’ వస్తుంది. అంతర్జాలంలో ఇటువంటి రూపాలను చూడని తెలుగు పాఠకుడు ఉండడు.

పుట మీద చూస్తే ఏ దోషమూ లేదు. అందుకే దీన్ని మనం దోషంగా గుర్తించడం లేదు. కానీ ఈ పీడీఎఫ్ ఆధారంగా పదప్రయోగ సూచిక తయారుచేస్తే ‘స్త్రీ’ శబ్దం అందులో ఉండదు. యతిప్రాసలను యంత్రంతో పరిశీలిస్తే సంయుక్తాక్షరాలున్న పాదాలన్నీ తప్పులుగా తేలుతాయి. ఒక ప్రబంధంలో సంయుక్తాక్షరం లేని పద్యం ఎక్కడుంటుంది?

దీనికి పరిష్కారం పీడీఎఫ్ నిర్మాణంలోనే ఉంది. ఆకృతుల వెనుక అసలు పదాన్ని ఉచ్చారణ క్రమంలోనే దాచిపెట్టే ఏర్పాటు అది. దానిని యాక్చువల్‌టెక్స్ట్ అంటారు. జీటెక్‌లో ఒక ఆజ్ఞతో ఈ ఏర్పాటును ప్రారంభించవచ్చు. ఆ ఆజ్ఞ ఇవ్వకపోతే మాత్రం అది పనిచేయదు. అంటే వివృత ముద్రణభాగం తనంతట తానుగా పాఠాన్ని కాపాడదు. దోషం ఎక్కడుందో తెలుసుకొనే వీలునూ, సరిచేసే వీలునూ కల్పిస్తుంది, అంతే. వివృత సాఫ్ట్‌వేర్ పక్షాన మాట్లాడేవారు కొందరు ఈ తేడాను చెరిపివేసి, స్వేచ్ఛే నాణ్యత అన్నట్లు వాదిస్తారు. అది తర్కం కాదు, ఉత్సాహం.

ఫాంటు సంకేతాల వారసత్వం

మన విశ్వవిద్యాలయాలలో పరిస్థితి ఇంతకంటే వెనుక ఉంది. చాలా వ్యాస ఆహ్వానాలలో ఇప్పటికీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కూర్చి పంపవలసిందిగా నియమం కనిపిస్తుంది. అను, శ్రీలిపి వంటి వ్యవస్థలు తెలుగు అక్షర ఖండాలను లాటిన్ అక్షరాల స్థానాల్లో అమర్చి పనిచేసేవి. ఒక సంస్థ అమరిక మరొక సంస్థ అమరికతో కలవదు. వాటితో తయారైన పీడీఎఫ్ నుంచి నకలు తీస్తే వచ్చేది తారుమారైన తెలుగు కాదు, అర్థంలేని లాటిన్ అక్షరాల వరుస.

ఆ వ్యవస్థలను తక్కువ చేయడం చారిత్రక దృష్టి కాదు. విండోస్‌లో తెలుగు చేరింది 2001లో వచ్చిన ఎక్స్‌పీతో. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపుల కూర్పు అధికారికంగా చేరింది 2012 నాటి సీఎస్6తో. ఆ మధ్యకాలంలోనూ, దానికి ముందూ తెలుగు పుస్తకాన్ని, పత్రికను బతికించింది ఈ ఫాంటు సంకేతాల వ్యవస్థలే. విజయవాడ, హైదరాబాదుల్లోని కూర్పరులు వాటిపై సాధించిన నైపుణ్యం సామాన్యమైనది కాదు. పద్యాన్ని, ప్రతిపదార్థాన్ని, తాత్పర్యాన్ని ఒకే పుటలో పొందికగా అమర్చే వారి చేతి ఒడుపు ఈనాటి వివృత సాఫ్ట్‌వేర్ వాడేవారిలో ఎక్కువమందికి ఇంకా పట్టుబడలేదు. ఫాంట్ల వైవిధ్యంలోనూ పాత వ్యవస్థలదే పైచేయి.

కానీ పేజ్‌మేకర్ చివరి రూపం వెలువడింది 2001లో. దాని స్థానంలో అడోబి నిలబెట్టిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 తరవాతి రూపాలలో పేజ్‌మేకర్ దస్త్రాలను తెరవదు. పాతికేళ్ల కిందటి తాళపత్రం చదవలేకపోవడం మనం ఊహించలేని సంగతి. పాతికేళ్ల కిందటి పేజ్‌మేకర్ దస్త్రం విషయంలో అది నిత్యానుభవం.

ఇక్కడ యజమాని సంస్థ సద్భావాన్ని నమ్ముకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. అడోబి చరిత్ర దీనికి రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 1980ల మధ్యలో ప్రవేశపెట్టిన టైప్ 1 ఫాంట్ల నిర్మాణాన్ని ఆ సంస్థ కొన్నేళ్లు రహస్యంగా ఉంచింది. ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు పోటీగా వేరే ఫాంటు నిర్మాణాన్ని తలపెట్టిన తరవాత 1990లో దాన్ని బహిరంగపరిచింది. 1993లో వచ్చిన పీడీఎఫ్ 2008లో ఐఎస్‌ఓ ప్రమాణం అయింది. మూసినది తెరుచుకోవడానికి ఇవి మంచి ఉదాహరణలు. అదే సంస్థ 2023 జనవరిలో తన కూర్పు సాఫ్ట్‌వేర్‌లలో టైప్ 1 ఫాంట్లకు మద్దతు నిలిపివేసింది. ఆ ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలను తిరిగి తెరిచేవారికి ఇన్‌డిజైన్‌లో దారి మూసుకుపోయింది. 1990లో నిర్మాణం బహిరంగమై ఉండడం వల్ల వివృత సాఫ్ట్‌వేర్‌లు మాత్రం వాటిని చదవగలుగుతున్నాయి. కనుక మన పరీక్షలో మొదట అడగవలసింది సాఫ్ట్‌వేర్ వివృతమా అని కాదు, అది విడిచిపెట్టే దస్త్రం నిర్మాణం ప్రకటితమా అని. యూనికోడ్ తెలుగుతో ఇన్‌డిజైన్‌లో కూర్చి, ప్రమాణబద్ధమైన పీడీఎఫ్‌ను, దానితోపాటు శుద్ధపాఠాన్ని భద్రపరచిన పుస్తకం, వివృత సాఫ్ట్‌వేర్‌లోనే ఫాంటు సంకేతాలతో కూర్చిన పుస్తకం కంటే మేలైనది. ఈ మాట వివృత పక్షానికి రుచించకపోవచ్చు.

పాఠపరంపరలో అచ్చు దస్త్రం స్థానం

పాఠవిమర్శ పరిభాషలో చెప్పాలంటే, ముద్రణకు వెళ్లిన దస్త్రం కూడా ఒక ప్రతి. దాని నుంచి మరో ప్రతి పుడుతుంది. పుడుతున్నప్పుడు ఎట్లా పుడుతుందన్నదే ప్రశ్న. పాత దస్త్రం తెరుచుకోక, పీడీఎఫ్ నుంచి పాఠం రాక, పునర్ముద్రణకు పూనుకొన్నవారు ఏం చేస్తున్నారు? పుస్తకం ఎదుట పెట్టుకొని మళ్లీ టైపు చేయిస్తున్నారు. అంటే తాళపత్ర లేఖకుడి స్థానంలో కూర్పరి వచ్చి చేరారు. అక్షర లోపం, పంక్తి దాటివేత, తెలిసిన మాటను తెలియని మాట స్థానంలో పెట్టడం వంటి లేఖక దోషాలన్నీ మళ్లీ మొదటి నుంచి ప్రవేశిస్తాయి. అరసున్న అన్నిటికంటే ముందుగా రాలిపోతుంది. ‘ఏఁడు’ అన్న సంవత్సరం ‘ఏడు’ అన్న సంఖ్యగా మారుతుంది. పరిష్కర్త అయిదారు ప్రతులు పోల్చి వేరుచేసిన పాఠభేదం ఒక మధ్యాహ్నపు టైపింగులో మాసిపోతుంది. సంవృత ముద్రణభాగం వల్ల మనం చెల్లిస్తున్న అసలు మూల్యం ఇది.

సిద్ధాంత గ్రంథాల విషయం మరొకటి. శోధగంగలో నిక్షేపించే పీడీఎఫ్‌లు అన్వేషణకు లొంగాలన్నది ఆ నిక్షేపం ఆశయంలోనే ఉంది. గ్రంథచౌర్య నివారణకు 2018లో యూజీసీ నిబంధనలు తెచ్చింది. ఫాంటు సంకేతాలతో ఉన్న తెలుగు సిద్ధాంత గ్రంథాన్ని సారూప్య పరీక్ష చేసే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది చూసేది లాటిన్ అక్షరాల గందరగోళాన్ని. సారూప్యం కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ సున్నాను మౌలికతకు నిదర్శనంగా భావించడం మాత్రం హాస్యాస్పదం.

ఎంపికకు ఒక పరీక్ష

పరిష్కృత ప్రతికి జీటెక్ వంటి వివృత వ్యవస్థే మేలన్నది నా నిర్ణయం. దానికి కారణం పైన చెప్పినవి మాత్రమే కాదు. పంక్తి సంఖ్యలతో, పలు పొరల అధస్సూచికలతో పాఠాంతరాలను చూపే పద్ధతి టెక్‌లో చాలా కాలంగా ఉంది. సంస్కృత పండితుడు డొమినిక్ వుయాస్టిక్, జాన్ లవాగ్నినోతో కలిసి రూపొందించిన ఎడ్‌మ్యాక్ దీనికి మూలం. దాని వారసులు నేటికీ వాడుకలో ఉన్నాయి. పాఠాంతరం ఏ పాదానికి చెందినదో మూలంలోనే రాసి ఉంటుంది కనుక పుట అమరిక మారినా సూచిక తప్పదు. నేర్చుకోవడం కష్టమన్న ఆక్షేపం నిజమే. ఒక శాఖలో ఇద్దరు నేర్చుకొంటే శాఖ మొత్తానికి సరిపోతుందన్నది కూడా నిజమే. తెరపై పుటను చూస్తూ అమర్చే అలవాటున్నవారికి స్క్రైబస్ ఉంది. క్లిష్ట లిపుల కూర్పు దాని 2024 నాటి 1.6 స్థిర రూపంలో చేరింది. అయితే పరిష్కృత ప్రతుల అధస్సూచికలకు అది ఇంకా అనువైనది కాదు.

ఏది ఎంచుకొన్నా, ఒప్పందానికి ముందు ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. స్త్రీ, ప్రేమ, ఱేఁడు, ఏఁడు, ౘలి, వలపలగిలకతో రాసిన ఒక పదం, అవగ్రహమున్న ఒక సంస్కృత పదం, ఇవన్నీ ఉన్న ఒక పుటను కూర్చి పీడీఎఫ్ చేయించాలి. దాన్ని వేరొక కంప్యూటర్‌లో తెరిచి, పాఠం నకలు తీసి, సాధారణ పాఠ్య దస్త్రంలో అతికించాలి. మూలంతో అక్షరం అక్షరం పోల్చాలి. రకారం, పొల్లు తరవాత కంటికి కనిపించని ఒక సంధాయక సంకేతం చేరితేనే వలపలగిలక ఏర్పడుతుంది కనుక, ఆ సంకేతం నిలిచిందా లేదా అన్నది ప్రత్యేకంగా చూడాలి. చాలా వ్యవస్థలు తప్పేది అక్కడే. పది నిమిషాల ఈ పనికి సాంకేతిక నైపుణ్యం అక్కరలేదు, తెలుగు వస్తే చాలు. విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథాల స్వీకరణ నియమాలలో పీడీఎఫ్-ఏ ప్రమాణాన్ని, అందులోనూ ప్రతి ఆకృతికి యూనికోడ్ సంబంధాన్ని తప్పనిసరి చేసే 2యు స్థాయిని కోరవచ్చు. అక్షర క్రమానికి అది హామీ ఇవ్వదు కనుక పై పరీక్ష అప్పటికీ అవసరమే.

పీఠికలో ఆధార ప్రతుల పట్టిక చివర మూడు వాక్యాలు చేర్చడం ఇకపై పరిష్కర్తల బాధ్యత: ఏ ఫాంటు, ఏ కూర్పు వ్యవస్థ, శుద్ధపాఠం ఎక్కడ భద్రపరచబడింది. శాఖల అలమరలలో సీడీల మీద ఉన్న పేజ్‌మేకర్ దస్త్రాల సంగతి ఇంతకంటే తొందరైనది. వాటిని తెరవగల పాత కంప్యూటర్లు ఇంకా కొన్ని నడుస్తున్నాయి. ఫాంటు సంకేతాలను యూనికోడ్‌లోకి మార్చే పరివర్తకాలు అందుబాటులో ఉన్నాయి. మార్చిన పాఠాన్ని అచ్చుపుస్తకంతో పోల్చి సరిదిద్దడానికి, ఆ పుస్తకాలను స్వయంగా పరిష్కరించిన ఆచార్యులు కొందరైనా మన మధ్య ఉన్నారు.